ఎలుక పడిందని చెప్పిన మా అత్త

మా మేనత్త పోయింది. పోయిన బుధవారం పొద్దున నేను బడిలో హాజరు పిలుస్తుండగా మా ఊరి తలారి వచ్చి వాకిలి దగ్గర నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పెద్దమ్మ పోయిందమ్మా. తెల్లారి పిల్లోళ్లు పోయి పిలిస్తే పలకలేదంట. మీ నాయన నిన్ను పిల్చకరమ్మన్నాడు" అన్నాడు. నేను హాజరు పట్టీ మూసి, పిల్లలను ఇళ్లకు పొమ్మని చెప్పి బండెక్కాను. పావగడ నుంచి మా ఊరికి బండి మీద సగం పూట ప్రయాణం. దారిలో తలారి తనంతట తనే అన్నాడు, "ఊరంతా ఏడుస్తాండారమ్మా. శానా మంచామె అంటాండారు" అని. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

ఎందుకు మండిందో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆ మంచామె ముప్ఫై ఏళ్లకు పైగా ఊరికి అవతల, ఉలవచేలో ఒక గుడిసెలో ఒంటరిగా బతికింది. ఆవిడ ఎదురైతే దారి తప్పుకొని పోయిన వాళ్లే ఇప్పుడు ఏడుస్తున్నారు. పోయినవాళ్లను మంచివాళ్లను చేయడం సులువు, వాళ్లు లేచి మనకు జవాబు చెప్పరు కదా. మా అత్త బతికి ఉంటే తప్పకుండా జవాబు చెప్పేది. ఇప్పుడు ఆవిడకు చెప్పే వీలు లేదు కాబట్టి ఆ పని నేను చేస్తాను. చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

మా ఊరు రాయచెర్లుకు కోసెడు, అంటే రెండు మైళ్ల దూరం. మా నాయన మా ఊరికి పటేలు, ఊరి సంగతులు సర్కారుకు చెప్పవలసిన మనిషి. అత్త ఆయనకు అక్క, నాలుగేళ్లు పెద్ద. ఆవిడను మధుగిరి వైపు ఒక బడి మేష్ట్రుకు ఇచ్చి చేశారు. ఆయన పెళ్లానికి రాగి సంకటి గెలకడం రాకపోయినా ఫరవాలేదు, చదవడం రావాలి అన్న మనిషి. కన్నడమూ తెలుగూ రెండూ నేర్పాడు. ఆ సంసారం ఆరేళ్లే సాగింది. ఆ ఊళ్లో ప్లేగు వచ్చి మేష్ట్రు పోయాడు. అత్త ఒక ట్రంకు పెట్టెతో పుట్టింటికి వచ్చింది. పెట్టెలో చీరలు రెండు, మిగతావన్నీ పలకలూ కలాలూ పుస్తకాలూ.

ఇప్పటి పిల్లలకు 'ఎలుక పడింది' అంటే అర్థం కాదు. ప్లేగు మనుషులకు తగలక ముందు ఎలుకలకు తగులుతుంది. పట్టపగలు ఏ గాదె సందులోంచో నడింట్లోకి వచ్చి, మనుషులంటే భయం లేకుండా తూలుకుంటూ తిరిగి, పడి చస్తాయి. ఇంట్లో ఎలుక పడితే తాలూకా కచేరికి చెప్పాలి. సర్కారు వాళ్లు వచ్చి ఊరు ఖాళీ చేయిస్తారు, ఇంటి పెంకులు దింపి ఎండ పడేటట్టు చేస్తారు, మందు కొడతారు, సూదులు వేస్తారు. జనం రెండు మూడు నెలలు చేలల్లో గుడిసెలు వేసుకొని ఉండాలి. అందుకని చాలా ఇళ్లల్లో ఎలుక పడితే గుట్టుగా పెరట్లో పూడ్చేసి, ఏమీ జరగనట్టు కూర్చునేవారు. మా అత్త అత్తామామలు కూడా అట్లాగే కూర్చున్నారు. మేష్ట్రు అందుకే పోయాడు. ఈ సంగతి అత్త ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు, పళ్లు బిగించి చెప్పేది.

పుట్టింటికి వచ్చిన ఏడాదికి అత్త పిల్లలకు పుస్తకాలు చేయడం మొదలుపెట్టింది. పావగడ అంగళ్లలో సరుకు చుట్టి వచ్చిన మందపాటి కాగితాలు తెచ్చేది. రాగిపిండి జిగురు కాచి, పురుగు పట్టకుండా అందులో వేపాకు రసం కలిపి, నాలుగైదు కాగితాలు ఒకదాని మీద ఒకటి అతికించి అట్ట చేసేది. కరక్కాయ సిరా, వెదురు కలం. ఒక్కో పుస్తకానికి ఎనిమిది అట్టలు, ఒక పక్క బొమ్మ, ఒక పక్క నాలుగు ముక్కల మాట. గోనె సూదితో కుట్టేది. బొమ్మలు గొప్పగా ఉండేవని నేను అబద్ధం చెప్పను. ఆవిడ గీసిన మేక, ఆవిడ గీసిన కుక్క పక్కపక్కన పెడితే కొమ్ములను బట్టి పోల్చుకోవాల్సి వచ్చేది.

ఆ పుస్తకాల్లో రాజులు లేరు, రాక్షసులు లేరు. 'దారి తప్పితే' అని ఒకటి. 'కోపం వస్తే' అని ఒకటి. 'భయమేస్తే', 'కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు', 'చెప్పకూడని మాట ఎవరన్నా చెప్పమంటే' ఇట్లాంటివి. మా ఊరి బడి మేష్ట్రు ఒకసారి తిరగేసి చూసి, "మొదటి పేజీలో ప్రార్థన లేదు కదమ్మా, ఇదేం పుస్తకం?" అన్నాడు. "ముందర చేతులు కడుక్కునేది నేర్చుకోనీ. అవే చేతులు కదా మొక్కేది" అంది అత్త. ఆయన మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

పుస్తకం చదివి ఊరుకుంటే అత్త ఒప్పుకునేది కాదు. "చదివితే అయిపోలా. చేసి చూసి, యాడ తప్పుండాదో వచ్చి చెప్పు" అనేది. 'దారి తప్పితే' పుస్తకంలో మొదట, గుట్టెక్కి పావగడ కొండ ఎటుందో చూసి నడవమని రాసింది. మేకలు కాసే పిల్ల ఒకతి వచ్చి, "గాలిదుమ్ము లేస్తే కొండ యాడ కనపడతాది పెద్దమ్మా? మేకల ఎనక పోతే సరి, వాటికి నీళ్లు యాడుంటాయో తెలుసు" అంది. అత్త ఆ అట్ట విప్పి, కొత్త అట్ట కుట్టి, ఆ పిల్ల మాటే రాసింది. ఆ రోజంతా ఆ పిల్లను పొగడడమే సరిపోయింది, నాకు కుళ్లు పుట్టింది. 'కోపం వస్తే' పుస్తకాన్ని ఒకసారి మేక తినేసింది. ఆ పుస్తకం రాసినావిడే కట్టె తీసుకొని ఆ మేకను ఊరి చివరిదాకా తరిమింది. పిల్లలమంతా వెనకాల పరిగెత్తుతూ, "కోపమొస్తే పది లెక్కపెట్టు పెద్దమ్మా" అని అరిచాం.

'మనూరిని ఎవరు నడుపుతారు' అని ఒక పుస్తకం చేసింది. మొదటి అట్ట మీద నీళ్లు మోసే ఆడవాళ్లు, రెండో దాని మీద చెరువు తూము కాసే మనిషి, తరువాత తలారి, చాకలి, మంత్రసాని. మా నాయన వక్కాకు నములుతూ ఆ పుస్తకం తిరగేసి, "నన్ను యాడ పెట్టినావక్కా?" అని అడిగాడు.

"ఆఖర్న."

"పటేలును ఆఖర్న పెడతారా?"

"నువ్వు ఒక దినం ల్యాకపోతే ఊరికి తెలీను గూడా తెలీదప్పా. నీళ్లు తెచ్చేది ఒక దినం రాకపోతే తెలుస్తాది."

నాయన పడీ పడీ నవ్వాడు. ఆ పుస్తకాలు పెట్టుకోవడానికి గోడలో గూడు కొట్టించి, దానికి తలుపు పెట్టించింది కూడా ఆయనే. అక్కంటే ఆయనకు ప్రాణం. ఇది చెప్పకపోతే తరువాత జరిగింది మీకు సరిగా అర్థం కాదు.

అన్నింటికంటే ఎక్కువసార్లు కుట్టిన పుస్తకం 'ఎలుక పడితే'. అది నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. ఎలుక దానంతట అది వెలుతుర్లోకి వచ్చి పడితే అది ఆట కాదు. ముట్టుకోవద్దు. తోక పట్టుకొని ఊపొద్దు. పెద్దవాళ్లకు చెప్పు. వాళ్లు వినకపోతే ఇంకొకరికి చెప్పు. వాళ్లూ వినకపోతే ఇంకొకరికి. వినేవాళ్లు దొరికేదాకా చెప్పు. అంతే, అదే పుస్తకం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, రాగులు ఇంటికి చేరిన చలికాలంలో, మా ఇంట్లో ఎలుక పడింది. అమ్మ రాగులు తెమ్మంటే గాదెల గదిలోకి పోయాను. మా తమ్ముడు నేల మీద కూర్చొని ఉన్నాడు. వాడికి నాలుగేళ్లు. తోక పట్టుకొని దేన్నో ఊపుతున్నాడు. "అక్కా, నిద్రపోతాండాది సూడు" అన్నాడు. నేను వాడి చేతి మీద కొట్టి దాన్ని పడేయించి, బయటికి ఈడ్చుకొచ్చి, బూడిదతో చేతులు తోమాను. వాడు ఏడ్చాడు. అమ్మకు చెప్పాను. అమ్మ ముందు వీధి వైపు చూసింది, తరువాత నా నోరు మూసింది.

అప్పటికి మారెమ్మ జాతర ఇంకా తొమ్మిది రోజులుంది. మూడేళ్లు వాన లేక ఎండిపోయిన ఊళ్లో ఆ ఏడు గింజ పండింది. అమ్మవారికి చెల్లిస్తామని ఊరంతా మొక్కుకుంది. చుట్టుపక్కల ఏడూళ్లకు చాటింపు పోయింది. నాయన వచ్చి ఆ ఎలుకను చాటలో ఎత్తి పెరట్లో పూడ్చాడు. "పిల్లి కరిచిండాది, ఏం ల్యా. జాతర అయ్యేదాకా ఎవరూ నోరెత్తద్దు" అన్నాడు. మరునాడు ఇంకో రెండు పడ్డాయి. పిల్లి కాదు నాయనా అన్నాను. మూడో రోజు మళ్లీ అన్నాను. చెంప మీద కొట్టాడు. ఆయన నన్ను కొట్టడం అదే మొదలు, అదే చివర.

అత్త ఆ మూడు రోజులు ఊళ్లో లేదు. కాగితాల కోసం పావగడ పోయి, అక్కడ చుట్టాలింట్లో జ్వరంగా ఉన్న ముసలామెకు తోడుగా ఆగిపోయింది. మూడో రోజు పొద్దు వాలేటప్పుడు కాగితాల మూట నెత్తిన పెట్టుకొని వచ్చింది. నేను గడప దగ్గరే పట్టుకున్నాను.

"అత్తా, ఎలక పడింది."

"యాడ?"

"మనింట్లోనే. గాదెల గదిలో. మూడు దినాలాయ. అమ్మకు చెప్పినా. నాయనకు చెప్పినా. ఇప్పుడు నీకు చెప్తాండా."

అత్త మూట దించి గోడకు ఆనుకొని నిలబడింది. వినేవాళ్లు దొరికేదాకా చెప్పమని రాసిన మనిషి, ఆ వినేవాళ్లు తనే కావలసి వస్తుందని అనుకొని ఉండదు. ఆవిడకు ఆ ఇంటి కప్పు తప్ప వేరే దిక్కు లేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "బాగా చేసినావు" అంది. అంతకు మించిన మెప్పు నాకు ఇంతవరకూ ఎవరి దగ్గరా దొరకలేదు.

మరునాడు తెల్లవారగానే అక్కాతమ్ముళ్లు వసారాలో మాట్లాడుకున్నారు. నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను.

"ఆరు దినాలు ఓర్చుకో అక్కా" అన్నాడు నాయన. "జాతర అయినాంక నేనే పోయి కచేరిలో రాసిస్తా. మూడేండ్ల తరవాత ఈ ఊరు ఇంత గింజ చూసింది. అమ్మోరికి చెల్లించకుండా గుడిసెల్లోకి పదండంటే జనం నన్ను బతకనిస్తారా?"

"ఏడూళ్ల జనం వస్తారు గదప్పా జాతరకు. ఏడూళ్లకూ పంచిపెడతావా?"

"నువ్వు పోయినావంటే మళ్లా ఈ గడప తొక్కొద్దు."

అత్త కాసేపు తమ్ముడి ముఖం చూసింది. "సరేప్పా" అంది. "పాపను తీసకపోతాండా. చూసింది అది."

పెరటి సందులోంచి పోవచ్చు. ఆవిడ పోలేదు. నా చెయ్యి పట్టుకొని నడివీధిలో, జాతరకు తోరణాలు కడుతున్న మనుషుల మధ్యలోంచి నడిచింది. "యాడికి పెద్దమ్మా పొద్దున్నే?" అని ఒకరు అడిగారు. "పావగడ కచేరికి. ఎలకలు పడినాయని చెప్పను పోతాండాం" అని వీధి అంతా వినపడేటట్టు చెప్పింది. తోరణాలు కట్టే చేతులు ఆగిపోయాయి. "భయమేస్తాండాది అత్తా" అన్నాను. "వెయ్యనీ. అది మన యెంట నడుస్తాది, మనల్నేం మోయమనదు" అంది. ఈ మాట తరువాత పుస్తకంలో కూడా రాసింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి కచేరి చేరాం. మెట్ల దగ్గర బంట్రోతు, ఆడవాళ్లకు ఇక్కడేం పని అన్నాడు. "పని మా తమ్మునిది. ఆయన పటేలు. ఆయన రాలేదు, అందుకే నేను వచ్చినా" అంది. లోపల గుమాస్తా మర్యాదగా మాట్లాడాడు. "చూసినదెవరు?" అని అడిగాడు. అత్త నన్ను ముందుకు తోసి తను వెనక్కి జరిగింది. నేను చెప్పాను. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, మా గాదెల గదిలో. నా మాటను ఆయన కాగితం మీద రాసుకున్నాడు. నా బతుకులో నా మాటను ఎవరన్నా రాసుకోవడం అదే మొదలు.

మరునాటికల్లా సర్కారు మనుషులు వచ్చారు. జాతర ఆగిపోయింది. పెంకులు దింపారు. ఊరంతా చట్టీ, చాప, కోడి, మేకలతో సహా చేలల్లోకి కదిలింది. సూదులంటే పారిపోతున్న పిల్లల ముందు అత్త మొదట తన చెయ్యి చాపి, "ఇదిగో, నొచ్చింది. నొయ్యలేదని అబద్ధం చెప్పను. అయిపోయింది" అంది. తరువాత పిల్లలు వరసలో నిలబడ్డారు. ఏడూళ్ల జనం మా ఊరికి రాలేదు. ఆ ఏడూళ్లలో ఆ ఏడు ఎలుక పడలేదు. ఈ మాట ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

గుర్తు పెట్టుకున్నది వేరొకటి. గుడిసెలోకి మారిన రెండో రోజు మా తమ్ముడికి జ్వరం వచ్చింది. చంకలో గడ్డ లేచింది. మూడు రోజులకు వాడు పోయాడు.

ఊరు ఏమందో మీరు ఊహించగలరు. అమ్మవారి జాతరకు అడ్డం పడింది, అమ్మవారు వాళ్లింటి పిల్లవాణ్ణే తీసుకుంది అన్నారు. ముండమోసినదాని నోటి దూల అన్నారు. మా నాయన ఆ మాటలు విన్నాడు. ఆ పిల్లవాడు ఎలుకను ఎప్పుడు పట్టుకున్నాడో, ఎన్నాళ్లు దాచారో ఆయనకు తెలుసు. నోరు విప్పలేదు. తొమ్మిదేళ్ల నేను నిజం చెప్పబోతే అమ్మ నన్ను గుడిసె వెనక్కి లాక్కొనిపోయి, "మీ నాయన చచ్చిపోతాడే" అని ఏడ్చింది. నేను అప్పుడు ఊరుకున్నాను. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడు నెలలకు ఊరు ఇళ్లకు తిరిగి వెళ్లింది. గుడిసెలన్నీ పీకేశారు, ఒక్కటి తప్ప. అత్త రాలేదు. ఎండాకాలంలో నాయన అమ్మ చేత కబురు పంపాడు, వచ్చేయమని. అత్త అమ్మకు కుండలోని చల్లనీళ్లు ఇచ్చి, తాగేదాకా ఆగి, "వస్తా. పిల్లోడు నా వల్ల పోయినాడని ఊరు అంటాండాది. అది కాదని తమ్ముణ్ణి ఒక్కసారి పదిమందిలో చెప్పమను. ఎలక మనింట్లో పడింది, పాప చూసింది, నేను దాచినా అని చెప్పమను. ఇంగేం అక్కర్లేదు నాకు" అంది. అమ్మ తిరిగి వచ్చి ఆ మాట చెప్పింది. నాయన సంకటి ముద్ద వదిలేసి లేచిపోయాడు.

ఆయన చెప్పలేదు. ఆవిడ రాలేదు. ఒక్క మాట కోసం ముప్ఫై ఏళ్లు గడిచిపోయాయి. "అంత పంతం ఎందుకు, పుట్టిల్లు కదా" అని అత్తకు బుద్ధి చెప్పిన వాళ్లను నేను చాలామందిని చూశాను. నాయనకు బుద్ధి చెప్పినవాళ్లను ఒక్కరినీ చూడలేదు. మీలో కూడా ఆ మాట అనబోయేవాళ్లుంటే దయచేసి నా ముందు అనకండి.

ఏటా పంట రాగానే నాయన ఒక మూట రాగులు గుడిసెకు పంపేవాడు. అత్త వద్దనలేదు. ఆ రాగుల్లో ఒక గింజ నోట్లో పెట్టుకోలేదు కూడా. పిండి విసిరి, జిగురు కాచి, పుస్తకాలు అతికించింది. తన కడుపుకు కూలికి పోయింది, వేరుశనక్కాయలు ఒలిచింది, మేకలు సాకింది. పటేలు అక్క కూలికి పోవడమేమిటని ఊరు మళ్లీ నొచ్చుకుంది. ఊరికి నొచ్చుకోవడం అలవాటు.

మొదట్లో ఆ గుడిసె వైపు పిల్లలను పోనిచ్చేవాళ్లు కాదు. మేకలు కాసే పిల్లలు దాహమై పోయారు. నీళ్లు తాగారు, బొమ్మలు చూశారు. అది మేకా కుక్కా అని అడిగారు. మరునాడు దాహం లేకపోయినా పోయారు. కొన్నేళ్లకు ఊళ్లో సగం మంది పిల్లలు పొద్దున మందను తోలుకుపోయే ముందు అక్కడ ఒక గడియ కూర్చొని పోయేవాళ్లయ్యారు. అత్త ఎవరినీ పిలవలేదు, ఎవరినీ పొమ్మనలేదు.

ఇంకో చలికాలం మా ఊళ్లో మళ్లీ ఎలుక పడింది. నేను అప్పటికి తుమకూరులో చదువుకుంటున్నాను, అత్తే నాకు చెప్పింది. ఒక చిన్న పిల్ల చూసి ఇంట్లో చెప్పింది. ఆ తల్లి అత్త దగ్గర పుస్తకం చదివి పెరిగినదే. ఆ పొద్దు మధ్యాహ్నానికే ఎవరూ చెప్పకుండా ఊరు చేలల్లోకి కదిలింది. అందరూ అత్త గుడిసె పక్కగానే చాపలు మోసుకుంటూ పోయారు. ఎవరూ ప్రాణం పోగొట్టుకోలేదు. ఎవరూ ఆగి ఒక మంచి మాట కూడా అనలేదు. "నీకు కోపం రాలేదా అత్తా?" అని అడిగాను. "వచ్చింది. పది లెక్కపెట్టినా. పోలా. ఇంగా ఉండాది" అని నవ్వింది.

యుద్ధం వచ్చాక కాగితం దొరకలేదు. అత్త గుడిసె మట్టిగోడలకు సున్నం పూసి, వాటి మీద రాయడం మొదలుపెట్టింది. సెలవుల్లో పోయినప్పుడల్లా గోడలు మారి ఉండేవి. పాత మాటలు తుడిచి కొత్తవి రాసేది. ఒకసారి ఆ గోడల నడుమ కూర్చొని అడిగాను, "అన్నీ రాసినావు గానీ అత్తా, పెద్దవాళ్లు తప్పు చేస్తే పిల్లలు ఏం చేయాలో రాయలేదేం?" అని. "రాసినా కదమ్మీ, వినేవాళ్లు దొరికేదాకా చెప్పమని. నువ్వు తొమ్మిదేండ్లకే చేసినావు, మళ్లా నన్ను అడుగుతావా?" అంది.

పోయిన బుధవారం నేను ఊరు చేరేసరికి గుడిసె ముందు జనం. అత్తను చాప మీద పడుకోబెట్టారు. చేతివేళ్లకు సున్నం అట్లాగే ఉంది. నాయన పంపిన మనుషులు నలుగురు పాడె కడుతున్నారు. పటేలు అక్క పటేలు గడప నుంచే కదలాలట. ముందు ఊళ్లోకి తీసుకుపోయి, ఇంటి ముందు దించి, అక్కడి నుంచి మేళంతో సాగనంపుతారట. నేను గుడిసె వాకిలికి అడ్డంగా నిలబడ్డాను. తీసుకుపోనివ్వను అన్నాను. మేనకోడలివి, నువ్వెవరు చెప్పడానికి అన్నారు. అయినా కదల్లేదు. గోడ చుట్టూ పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఎవరో పోయి నాయనకు చెప్పారు.

నాయన వచ్చాడు. డెబ్భై ఏళ్లకు దగ్గరగా ఉన్న మనిషి, కట్టె పట్టుకొని, చేనికి అడ్డంపడి నడుచుకుంటూ వచ్చాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన ఆ గుడిసె దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"అడ్డం లేమ్మా. ఇంటికి తీసకపోదాం. ఊరు నగుతాది" అన్నాడు.

"ఆ మాట చెప్పు నాయనా. తీసకపోదాం."

ఏ మాట అని ఆయన అడగలేదు. మా అమ్మ బతికి ఉంటే నన్ను మళ్లీ వెనక్కి లాగేదేమో. అక్కడ ఉన్న పెద్దమనుషులు నన్ను కసిరారు, చచ్చిన మనిషి ముందర ఇదేం పని అన్నారు. నాయన చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. అత్త ముఖం వైపు చూశాడు. తరువాత పెద్దవాళ్లను వదిలేసి, గోడ పక్కన నిలబడిన పిల్లల వైపు తిరిగాడు. ఆయన గొంతు చిన్నదయిపోయింది గానీ అందరికీ వినపడింది.

"ఎలక మా ఇంట్లో పడింది" అన్నాడు. "ఈ పాప చూసింది. వచ్చి నాకు చెప్పింది. నేను కొట్టినా. దాచిపెట్టినా. నా కొడుకు నా వల్ల పోయినాడు. మా యక్క వల్ల కాదు."

ఒక ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వాకిలి వదిలి పక్కకు జరిగాను. ఇన్నేళ్ల కోపం ఆ ఒక్క మాటతో పోయిందని చెప్తే అది అబద్ధం. ఆవిడ బతికుండగా చెప్పవలసిన మాట అది. అయినా ఆ మాట గాలిలోకి వచ్చింది, పిల్లలు విన్నారు, ఇక దాన్ని ఎవరూ పెరట్లో పూడ్చలేరు.

మనుషులు పాడె ఎత్తబోతే నాయనే వద్దన్నాడు. "ఇంటికి వద్దు. ఆమె ఇల్లు ఇదే. ఈడ్నుంచే పోదాం" అన్నాడు. మేళాన్ని వెనక్కి పంపేశాడు. కట్టె నాకిచ్చి, తనే ఒక పక్క భుజం పట్టాడు. మోయలేడని తెలిసి వెనకవాళ్లు బరువు తామే తీసుకున్నారు, ఆయన చెయ్యి మాత్రం వేసి నడిచాడు.

ఎక్కువ దూరం పోలేదు. ప్లేగు రోజుల్లో పోయినవాళ్లను ఊరి శ్మశానానికి తీసుకుపోకుండా గుడిసెలకు అవతలే మట్టి చేశారు. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. నాలుగు రాళ్లు పేర్చి ఉంటాయి, ఏటా సున్నం కొట్టేది అత్త. తనను వాడి పక్కనే పెట్టమని నాకు ఎప్పుడో చెప్పింది. గొయ్యి అక్కడే తీశారు. ఆడవాళ్లు రాకూడదన్నారు, అయినా నేనూ పోయాను, పిల్లలూ వచ్చారు.

అత్తను దించాక, మొదటి మట్టి నాయన వేయాలి. ఆయన వంగి రెండు చేతులతో మట్టి తీశాడు. అత్త మీద వేశాడు. మళ్లీ వంగి తీసి, పక్కకు జరిగి, సున్నం కొట్టిన ఆ నాలుగు రాళ్ల మీద వేశాడు. వాణ్ణి మట్టి చేసిన నాటి నుంచి ఆయన అక్కడికి ఎన్నడూ రాలేదు. మూడోసారి వంగి తీసిన మట్టి అటు వేయాలో ఇటు వేయాలో తెలియక, పిడికిలి బిగించుకొని, ఇద్దరి నడుమ నిలబడిపోయాడు.